నాన్న చెప్పిన ఇరవై

మా నాన్నకి చిల్లరంటే పడదు. జేబులో చిల్లర సంగతి కాదు నేను చెప్పేది, అంకెల చివర వేలాడే చిల్లర. పందొమ్మిది అనడు, ఇరవై అంటాడు. నూట నాలుగు అనడు, వంద అంటాడు. నా వయసు ఎవరైనా అడిగితే, నాకు ముప్పై నిండిన ఏడాది నుంచీ ఇప్పటిదాకా "ముప్పై ఉంటాయండి" అనే చెప్తున్నాడు. మొన్ననే నలభై నాలుగు నిండాయి నాకు. ఆ విషయంలో మాత్రం నేనెప్పుడూ ఆయన్ని సరిదిద్దలేదు.

మాది హంసలదీవి దగ్గర చిన్న చేపలపల్లె. పడవలు ఒడ్డుకి రాగానే గంపలు ఇసకలో దించుతారు, చుట్టూ జనం మూగుతారు, వేలంపాట మొదలవుతుంది. తూకాలూ లెక్కలూ తర్వాత సంగతి. ముందు గంపలోకి ఒక్క చూపు చూసి, ఎంత ఉంటుందో నోటితో చెప్పెయ్యాలి. నసిగినవాడికి గంప దక్కదు. నేను రెండో తరగతిలో ఉండగానే నాన్న నన్ను పక్కన నిలబెట్టుకుని "చెప్పు, ఎన్ని?" అనేవాడు. నేను ఒకటీ రెండూ అని వేళ్ళు మడిచేలోపు పాట అయిపోయేది.

"ఒక్కోటీ లెక్కపెడతా కూర్చుంటే చేప కుళ్ళిపోద్దే పిచ్చిదానా. చిల్లర వదిలెయ్. పదులు చూడు, పదులు" అనేవాడు.

అలా పదులు చూడడం అలవాటై, లెక్కలంటే భయం పోయి, చివరికి లెక్కల టీచర్నయ్యాను. గుడివాడలో ఒక హైస్కూల్లో పని. 'దగ్గరి పదులకు సవరించుట' అనే పాఠం వచ్చిందంటే నన్ను పట్టుకోలేరు. "నలభై ఎనిమిదిని పందొమ్మిదితో గుణించమంటే కాగితం తీస్తారేంట్రా? యాభై ఇరవైలు వెయ్యి. రెండూ పెంచాం కాబట్టి అసలు జవాబు వెయ్యికి తక్కువ. ఇంతేగా! బుర్ర ఉన్నది దువ్వుకోడానికి కాదు" అని అరుస్తాను. పిల్లలు నవ్వుతారు. నాకు కోపం ఎక్కువని ఊరంతా తెలుసు, మనసులో ఏమీ ఉండదని వాళ్ళకి తెలుసు.

పుస్తకంలో సూత్రం తేలికే. అయిదూ ఆపైన అయితే పైకి, నాలుగూ ఆలోపు అయితే కిందికి. నాన్న సూత్రం అది కాదు. పడిన చేప ఎప్పుడూ తగ్గించే చెప్తాడు, ఎక్కువ చెబితే దిష్టి. సముద్రంలో వెళ్ళిన దూరం కూడా తగ్గించే చెప్తాడు. అది దిష్టికి కాదు, మా అమ్మ కోసం. ముప్పై అయిదు కిలోమీటర్లు వెళ్ళొచ్చి "పాతిక కూడా లేదే, ఇదుగో ఇక్కడే, ఇంటి దీపాలు కనపడతానే ఉన్నయ్" అనేవాడు. పట్టపగలు దీపాలెక్కడివి అని అమ్మ మూతి తిప్పేది.

"నీ సవరింపుకి ఒక సూత్రమంటూ లేదు నాన్నా" అన్నాను ఒకసారి, టీచరుద్యోగం వచ్చిన కొత్తలో.

"ఎందుకు లేదూ? ఇంట్లో ఆడోళ్ళకి నిద్ర పట్టాలి. అదే సూత్రం" అన్నాడు.

మేమూ తక్కువ తినలేదు. ఆయన దూరం ఎంత చెప్పినా దానికి కొంత కలుపుకోవడం మాకు అలవాటైపోయింది. అమ్మ కలుపుకునేది, నేను కలుపుకునేదాన్ని, తమ్ముడు పడవ ఎక్కేదాకా వాడూ కలుపుకునేవాడు. మా పల్లెలో ఏ ఇంట్లో అడిగినా ఇదే వరస. మగవాళ్ళు తగ్గించి చెప్తారు, ఆడవాళ్ళు పెంచుకుని వింటారు, ఇద్దరికీ మధ్య ఎక్కడో అసలు దూరం ఉంటుంది.

తమ్ముడు నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. నాన్నతోపాటే సముద్రానికి వెళ్ళేవాడు. ఫైబర్ పడవ కొన్నాక దానికో జీపీఎస్ పెట్టించాడు. అరచేతిలో పట్టే పెట్టె, దాని మీద రెండు వరసల అంకెలు. పై వరస ఉత్తరం అంకె, కింది వరస తూర్పు అంకె. మా తీరంలో తూర్పు అంకె పెరిగేకొద్దీ ఒడ్డుకి దూరమవుతున్నట్టు. ఒక్కో వరసలో ముందు డిగ్రీలు, తర్వాత నిమిషాలు. తూర్పు అంకెలో ఒక్క నిమిషం తేడా వచ్చిందంటే దాదాపు రెండు కిలోమీటర్లు. ఇదంతా తమ్ముడు నాకు ఫోనులో చెప్పాడు, నేను కాగితం మీద బొమ్మ గీసి మళ్ళీ వాడికే చెప్పాను. నాన్న చదువుకోలేదు కానీ అంకెలు చదవగలడు. "ఇందులో చిల్లర మరీ ఎక్కువైపోయిందిరా, చుక్క కూడా పెట్టాడు" అని విసుక్కునేవాడట.

ఆ రోజు స్కూల్లో మధ్యాహ్నం భోజనాల గంట అప్పుడే కొట్టారు. స్టాఫ్‌రూములో క్యారేజీ మూత తీస్తున్నాను. నాన్న ఫోను. సముద్రం మీద నుంచి ఆయన నాకు ఎప్పుడూ చెయ్యడు.

"అమ్మా, తమ్ముడి చెయ్యి ఇంజను బెల్టులో పడింది."

"అయ్యో! ఎంత దెబ్బ నాన్నా?"

"కుడిచెయ్యి. వేళ్ళు నలిగిపోయినయ్. తువ్వాలు చుట్టాం, నెత్తురు ఆగట్లా, వాడు సొమ్మసిల్లి పడున్నాడు. ఇంజనూ ఆగిపోయింది. రాసుకో, ఛార్జింగ్ లేదు. పదిహేను నలభై మూడు. ఎనభై ఒకటి ఇరవై. బందరు ఆఫీసుకి చెప్పు, పొద్దు కుంకేలోపు రమ్మను. వల తియ్యకుండా నీళ్ళలోనే ఉంచాం, పడవ కొట్టుకుపోకుండా..."

"ఇరవై అంటే సరిగ్గా ఇరవయ్యేనా నాన్నా?"

"ఇరవై అ..."

అంతే. తెగిపోయింది. మళ్ళీ చేస్తే పరిధిలో లేదని చెప్పింది. ఇంకోసారి చేశాను, ఇంకోసారి చేశాను. తొమ్మిదోసారికో పదోసారికో మా హిందీ టీచరు గారు నా చేతిలోంచి ఫోను తీసుకుని "ముందు ఆఫీసుకి చెయ్యండి మేడమ్" అన్నారు. అంకెలు హాజరుపట్టీ వెనకాల రాసి ఉన్నాయి, ఆ రాత నాదేనా అన్నట్టు వంకరగా.

సముద్రంలో చిక్కుకున్న పడవలకి బోట్లు పంపే ఆ బందరు ఆఫీసులో ఫోనెత్తినాయన మర్యాదగానే మాట్లాడారు. పడవ రంగు, మనుషులెంతమంది, దెబ్బ ఎవరికి, అన్నీ అడిగారు. ముగ్గురున్నారని చెప్పాను. నాన్న, తమ్ముడు, పక్కింటి మావయ్య. అంకెలు చెప్పాను. ఆయన తిరిగి చదివారు. "పదిహేను నలభై మూడు, ఎనభై ఒకటి ఇరవై. ఇరవై తర్వాత చుక్క, ఆ తర్వాత అంకెలు ఏమన్నా చెప్పారా అండీ?"

ఆయన ఆ మాట అడక్కపోయినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఆయనది కాదు, అడగాల్సిందే అడిగారు.

"ఒక్క నిమిషం సార్" అన్నాను.

ఆ నిమిషంలో నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతున్నామని తమ్ముడు ముందురోజు చెప్పాడు. వల వేసేసరికి తొమ్మిది అనుకుందాం. అయిదు గంటలు. గంటకి ఎనిమిదో తొమ్మిదో, పది వేసుకుందాం. యాభై కిలోమీటర్లు. నాన్న చెప్పిన చోటు మా ఊరి ఒడ్డుకి ముప్పై అయిదుకి మించదు. ఇంకేముంది, ఎప్పటిలాగే తగ్గించి చెప్పాడు. ఒంటి మీద కొడుకు నెత్తురు పెట్టుకుని కూడా కూతురు భయపడుతుందని చూశాడు చూడు, ఈ మనిషి మారడు! ఇరవై అట, ఇరవై. ఇరవై నాలుగో అయిదో అయ్యుంటుంది.

"ఇరవై అయిదు వేసుకోండి సార్" అన్నాను. "మా నాన్న గారు దూరం తగ్గించి చెప్తారు."

"ఖాయమేనా అండీ?"

"ఖాయం సార్. నేను లెక్కల టీచర్ని."

"అయితే సరేనండీ, ఇరవై అయిదే రాసుకుంటున్నా. ఇప్పుడే బోటు పంపిస్తాం" అన్నారాయన.

గుడివాడలో బందరు బస్సెక్కాను. పెడన దాటేసరికి మూడున్నర. కిటికీలోంచి చూస్తే ఎండ ఇంకా బాగానే ఉంది, టైముందిలే అనుకున్నాను. దారంతా నిమిషాల్ని కిలోమీటర్లు చేసుకుంటూ, కిలోమీటర్లని గంటలు చేసుకుంటూ కూర్చున్నాను. అయిదింటికి చేరతారు, ఏడింటికి హార్బరులో ఉంటారు, ఏడున్నరకి ఆసుపత్రి. అమ్మ ఊళ్ళోంచి ఫోను చేసి "వస్తన్నారా?" అంటే "వస్తున్నారమ్మా, గంటలో" అన్నాను. నేనూ నాన్న కూతుర్నేగా.

బందరు హార్బరులో నిలబడ్డాను. నాలాగే ఇంకా ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు, మా పల్లెవాళ్ళు. వెళ్ళిన బోటు బాగా పొద్దుపోయాక తిరిగొచ్చింది. ఖాళీగా వచ్చింది. చెప్పిన చోట రెండు గంటలు తిరిగామనీ, చీకట్లో ఇంక కనపడదనీ, తెల్లారగానే మళ్ళీ వెళ్తామనీ చెప్పారు. వాళ్ళ మొహాలు కూడా పీక్కుపోయి ఉన్నాయి. నేను ఎవరి మీద అరవాలో తెలియలేదు. అరవడం తప్ప ఇంకేమీ చేతకానిదాన్ని, ఆ పూట అది కూడా చేతకాలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కబురొచ్చింది. మా పక్కూరి చేపలపడవ ఒకటి వాళ్ళని చూసిందట, తాడు కట్టి లాక్కొస్తోందట. ముగ్గురూ బతికే ఉన్నారు. హార్బరులో ఇసకలో కూలబడి ఏడ్చాను, గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. ఆ పడవ నడిపినాయన గట్టు ఎక్కగానే నా దగ్గరికొచ్చి, ఏదో ఓదార్పుగా చెప్తున్నట్టు చెప్పాడు.

"ఏమీ కొట్టుకుపోలేదమ్మా. వల పట్టుకుని ఉన్నచోటే ఉన్నారు. మా మిషను చూశా, నలభై మూడు, ఇరవై. ఆఫీసోళ్ళు ఇరవై అయిదు కాడ ఎతికారంట, ఎవురు చెప్పారో ఏవో ఖర్మ."

ఇరవై. చుక్క తర్వాత కూడా పెద్దగా ఏమీ లేదట.

హాజరుపట్టీ తీసి చూసుకున్నాను. నలభై మూడు. నలభై మూడు అన్నాడు మా నాన్న! నలభై అనలేదు, నలభై అయిదు అనలేదు. జన్మలో చిల్లర పలకని మనిషి, కొడుకు చెయ్యి నలిగిందని, ఆ పెట్టెలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. నలభై మూడు చెప్పినవాడు పక్కనున్న ఇరవైని ఎందుకు మారుస్తాడు? అది ఇరవై కాబట్టి ఇరవై అన్నాడు. ఇరవై కూడా ఒక అంకే కదా, పందొమ్మిదికీ ఇరవై ఒకటికీ ఎంత హక్కుందో దానికీ అంతే ఉంది. ఆరో తరగతి పిల్లాడు పట్టుకునేవాడు ఈ మాత్రం. నా తెలివి తెల్లారింది.

తమ్ముడి కుడిచేతికి నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది. డాక్టరు గారు చాలా నెమ్మదిగా, ఎవర్నీ నొప్పించకుండా చెప్పారు. నిన్న సాయంత్రానికి తీసుకొచ్చి ఉంటే రెండు వేళ్ళయినా నిలబెట్టగలిగేవాళ్ళమేమో అన్నారు. 'ఏమో' అన్న ఆ ఒక్క ముక్కని పట్టుకుని రెండు రోజులు బతికాను.

మూడో రోజు ఆఫీసు నుంచి ఒకాయన వార్డుకి వచ్చారు. ఫోనెత్తినాయన కాదు, ఇంకొకాయన. చేతిలో కాగితాలు. తమ్ముడు మంచం మీద ఉన్నాడు, నాన్న కాళ్ళ దగ్గర స్టూలు మీద, నేను కిటికీ పక్కన.

"మా వాళ్ళ వైపు నుంచి పొరపాటేమన్నా ఉందేమోనని కనుక్కోడానికి వచ్చానండీ" అన్నారాయన. "మాకు ఫోనులో ఇరవై అయిదు అని చెప్పినట్టు రాసుంది. పడవేమో ఇరవై దగ్గర దొరికింది. ఎక్కడ తేడా వచ్చిందంటారు?"

నాన్న తలెత్తి నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడు? ఒక్క క్షణం ఉంటుంది. గంపలోకి చూసినట్టు చూశాడు, అంతా తెలిసిపోయింది ఆయనకి.

"నేనే అట్టా చెప్పానండీ" అన్నాడు. "కంగారులో ఇరవై అయిదన్నా. మాకు పదులూ అయిదులూ తప్ప నోరు తిరగదండీ. అమ్మాయి నే చెప్పిందే మీకు చెప్పింది. మీ తప్పేం లేదు బాబూ."

నేను నోరు తెరిచాను. తెరిచాను, ఒట్టు. నా హాండ్‌బ్యాగులో హాజరుపట్టీ ఉంది, దాని వెనకాల ఇరవై అని నా చేత్తో రాసి ఉంది. బ్యాగుని గట్టిగా కడుపుకి నొక్కుకుని నిలబడ్డాను. ఆఫీసాయన ఏదో రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

తమ్ముడు నాన్నని చూస్తున్నాడు. "ఎదురుగా కనపడతన్న అంకె చదవలేకపోయావా నాన్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఒక్క అంకె." అని గోడ వైపు తిరిగాడు.

అప్పట్నుంచి వాడు నాన్నతో మాట్లాడడు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో అన్నం తింటారు, మధ్యలో అమ్మ కబుర్లు మోస్తుంది. పడవ అమ్మేశారు. వాడు నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు మీద పనికి కుదిరాడు, ఎడమచేత్తో మేత చల్లడం నేర్చుకున్నాడు. కుడిచెయ్యి ఎప్పుడూ చొక్కా కింద దాచుకుంటాడు.

మూడు నెలలు ఓర్చుకుని ఒక ఆదివారం ఊరెళ్ళాను, వాడికి చెప్పెయ్యాలనే. వాడు చెరువు దగ్గరున్నాడు. నాన్న ఒడ్డున ఎవరిదో వల బాగుచేస్తున్నాడు, ఇప్పుడు ఆయనకి అదే పని. పక్కన ఇసకలో కూర్చున్నాను.

"తమ్ముడికి చెప్పేస్తాను నాన్నా" అన్నాను. ఏం చెప్తావని ఆయన అడగలేదు.

"చెబితే ఏవొస్తది?"

"నువ్వు చెయ్యని తప్పు నువ్వు మొయ్యడం ఎందుకు? వాడు నీతో మాట్లాడకపోతే నేను చూడలేకపోతున్నాను."

ఆయన దారం పళ్ళతో తెంపి, ముడి బిగించి చూసుకున్నాడు. "వాడి కోపం నా మీదుంటే నాతోనే పోద్ది. నేనింకెంతకాలం? నీ మీద పెట్టుకున్నాడనుకో, మీరిద్దరూ బతికినంతకాలం ఉంటది. మేం పోయాక వాడికి నా అనేవోళ్ళు ఎవరుంటారే, నువ్వు తప్ప?"

"అది కాదు నాన్నా, నువ్వు నిజం చెప్పావు. నేనే నమ్మలేదు."

"నమ్మొద్దని నేర్పింది నేనేగా అమ్మా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నన్ను రెండు చెంపలూ వాయించినా, ఆ వలతాడు తీసి కొట్టినా బాగుండేది. ఏడుస్తుంటే వద్దని కూడా అనకుండా వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం తమ్ముడు వచ్చాడు, "అక్కా, ఎప్పుడొచ్చావ్?" అని నవ్వాడు, నాకోసం చెరువు దగ్గర్నుంచి తెచ్చిన రొయ్యలు అమ్మ చేతికిచ్చాడు. ఆ నవ్వు చూశాను. చెప్పకుండానే బస్సెక్కేశాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. వాడు పుస్తకాలు చదవడు. చదివితే బాగుండునని ఒకరోజు అనిపిస్తుంది, చదవకపోతే బాగుండునని ఒకరోజు. క్లాసులో ఇప్పుడు ఆ పాఠం వచ్చినప్పుడు నా గొంతు లేవడం లేదు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు, టీచరు గారికి ఒంట్లో బాలేదేమోనని.

పోయిన వారం తమ్ముడు ఫోను చేశాడు. చెరువులో రొయ్య బాగా పెరిగిందనీ, యజమాని జీతం పెంచుతానన్నాడనీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత వాడి గొంతులో హుషారు. పెట్టేసే ముందు ఆగి, "అక్కా, ఒక్కోసారి అనిపిస్తది. ఆ రోజు నాన్న సరిగ్గా చెప్పుంటే నేనిప్పుడు సముద్రం మీద ఉండేవాణ్ణి" అన్నాడు.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అంతేగా అక్కా?" అన్నాడు.

"అవున్రా" అన్నాను.